పన్నెండు సిట్టింగుల్లో నయమైన చప్పుడు

స్మృతి పరిశోధన కేంద్రంలోని రికార్డుల గది కంప్యూటరు నుంచి ఎటువంటి చప్పుడూ రావడం లేదని సిబ్బందికి ఇందుమూలంగా తెలియజేయడమైనది. అయినప్పటికీ చప్పుడు వినిపిస్తున్నవారు తమ హోదా, వయసు, చిన్ననాటి ముఖ్య సంఘటనల వివరాలతో మూడు రోజుల్లోగా డైరెక్టరుగారిని కలుసుకోవలెను.

ఈ నోటీసు బోర్డు మీదికి ఎక్కేనాటికి కేంద్రంలో చప్పుడు వినిపిస్తోందని చెప్పిన మనిషి ఒక్కతే. ఆమె రికార్డుల అసిస్టెంటు. నోటీసు టైపు చేసింది ఆమే, అచ్చు తీసింది ఆమే, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి బోర్డుకు పెట్టిందీ ఆమే. టైపు చేస్తున్నంతసేపూ కంప్యూటరు టిక్కు టిక్కుమంటూనే ఉంది. "ఎటువంటి చప్పుడూ" అన్న మాట దగ్గర మరీ గట్టిగా రెండుసార్లు కొట్టుకుంది. ఆమె ఆ మాటను ఓపిగ్గా మళ్ళీ టైపు చేసింది.

ఈ కేంద్రం గురించి తెలియనివారు ఉండరు. ఉంటే, మరిచిపోయి ఉంటారు. మనుషులు దేన్ని ఎందుకు మరిచిపోతారో కనిపెట్టడం దీని పని. పంతొమ్మిదేళ్ళుగా పద్దెనిమిది వందల మంది వృద్ధులను పిలిపించి, మెత్తని కుర్చీలో కూర్చోబెట్టి, మైకు ముందు మాట్లాడించి, ఆ మాటలన్నిటినీ భద్రపరిచింది. భద్రపరచడమంటే, అన్నిటినీ ఒకే ఒక హార్డ్ డిస్కులో పెట్టడం. రెండో డిస్కు కొనలేదేమని ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. కొన్నారు. వాడితే అరిగిపోతుందని, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, డైరెక్టరుగారి బీరువాలో ఆయన జ్ఞాపికల వెనక దాచారు. ఏటా తనిఖీకి వచ్చేవాళ్ళు బీరువా తెరిపించి, ఆ కవరును చూసి, ఇంత జాగ్రత్త తామెక్కడా చూడలేదని రాసి వెళ్తారు.

గోప్యత విషయంలోనూ కేంద్రానికి సాటి లేదు. ఒకరి జ్ఞాపకం ఇంకొకరి జేబులో పడకూడదని డైరెక్టరుగారు ఆ కంప్యూటరుకు పెన్ డ్రైవులు పెట్టే చోట్లన్నిటికీ లక్కతో సీలు వేయించారు. నెట్టు కలపనివ్వలేదు. రికార్డుల గదిలోకి ఫోను తీసుకెళ్ళడం నిషేధం. ప్రతి సోమవారం ఉదయం రికార్డుల అసిస్టెంటు ఆ సీళ్ళను వేలితో తడిమి చూసి, రిజిస్టరులో "పదిలం" అని రాసి సంతకం పెట్టాలి. ఎనిమిదేళ్ళలో ఆమె ఆ మాట నాలుగు వందల సార్లకు పైగా రాసింది. ఒక మాటను అన్నిసార్లు రాస్తే మనిషికి దాని మీద నమ్మకం కుదురుతుంది. దీని మీద కూడా కేంద్రంవారి పరిశోధన ఒకటి ఉంది. అది కూడా ఆ డిస్కులోనే ఉంది.

ఆమె భయానికి కారణం పద్దెనిమిది వందల రికార్డింగులు కావు. ఒక్కటే. పదకొండు వందల నలభై రెండో నంబరు.

ఏడేళ్ళ కిందట, వృద్ధులు తక్కువ పడ్డారని కేంద్రంలో సిబ్బంది ఇళ్ళ నుంచి కూడా రప్పించినప్పుడు ఆమె తన తల్లిని తీసుకొచ్చింది. మైకు ముందు నలభై ఒక్క నిమిషాలు కూర్చున్న ఆ తల్లి ఇంకో రెండేళ్ళకు పోయింది. పోయే ముందు ఆరు నెలలు కూతుర్ని "ఎవరమ్మా నువ్వు, మీ వాళ్ళు కంగారు పడతారు, ఇంటికి వెళ్ళు" అని మర్యాదగా పంపించేస్తూ ఉండేది. తల్లి పోయాక ఇంట్లో మిగిలినవి ఒక కళ్ళజోడు, రెండు ఫోటోలు. రెండు ఫోటోల్లోనూ ఆవిడ నోరు మూసుకుని ఉంది. బతికున్నంతకాలం ఆవిడ ఆ భంగిమలో ఎవరికీ కనపడలేదు. అందుచేత కూతురికి ఆ ఫోటోలు ఎవరివోలా ఉంటాయి.

రికార్డింగులో మాత్రం ఆవిడ ఆవిడే. ప్రశ్నలడిగే ఆయన ఐదు మాటలు చెప్తాడు: కుర్చీ, నది, బొత్తాం, నిచ్చెన, గొడుగు. పది నిమిషాలాగి వాటిని తిరిగి చెప్పమంటాడు. పంతొమ్మిదో నిమిషంలో ఆవిడ గొంతు సవరించుకుంటుంది.

"గొడుగు గుర్తుంది నాయనా. ఎందుకు గుర్తుండదు? మా పిల్ల ఇవాళ కూడా గొడుగు మరిచిపోయి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పాలి దానికి? తడుస్తుంది. తడిసి, తల కూడా తుడుచుకోకుండా పుస్తకం పట్టుకు కూర్చుంటుంది. దానికి తుమ్ములు మొదలైతే వరసగా పదకొండు. నేను లెక్కపెట్టాను. నవ్వుతావేం నాయనా, కావలిస్తే నువ్వూ లెక్కపెట్టు..."

మిగిలిన నాలుగు మాటలూ ఆవిడకు గుర్తు రాలేదు. కేంద్రంవారు ఐదుకు ఒకటి మార్కు వేసి, "అప్రస్తుత ప్రసంగం అధికం" అని రాశారు.

నెలకొకసారి, మొదటి శనివారం మధ్యాహ్నం, ధ్వని నాణ్యత పరిశీలన అనే పని ఒకటుంది. పద్దెనిమిది వందల్లో ఏదో ఒక రికార్డింగు తీసి విని, బాగుంది అని రాయాలి. ఐదేళ్ళుగా ఆ కేంద్రంలో పదకొండు వందల నలభై రెండో నంబరు ధ్వని నాణ్యత ఒక్కటే అత్యంత శ్రద్ధగా పరిశీలించబడుతోంది. ఎండాకాలంలో కూడా ఆమె సంచిలో గొడుగు ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే, వాన వస్తుందేమోనని చెబుతుంది.

ఒక మొదటి శనివారం అమ్మ గొడుగు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గొంతు సాగింది, తెగింది, మళ్ళీ అందుకుంది. లోపల ఎవరో గోటితో డబ్బా మీద కొట్టినట్టు చప్పుడు. టిక్కు.

మెకానిక్ వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాకు చెవి ఆనించాడు.

"ఎన్నాళ్ళ నుంచి వస్తోంది మేడమ్ ఇది?"

"పది రోజులు."

"పది రోజులు ఊరుకున్నారా! లోపల చదివే ముల్లు ఒకటి ఉంటుంది. అది దారి తప్పి కొట్టుకుంటోంది. ముందు ఆపేయండి. కొత్త డిస్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు ఒక్కసారి ఆన్ చేసి, ముఖ్యమైనవన్నీ అందులోకి ఎక్కించేసుకోండి. ఊరికే ఆన్ చేసి ఉంచారంటే మాత్రం నాదీ పూచీ కాదు, మీదీ కాదు."

అప్పుడే గదిలోకి వచ్చిన డైరెక్టరుగారు అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"నీకు చప్పుడు వినిపించిందా బాబూ?"

"వినిపించింది సార్."

"స్పష్టంగా?"

"చెవులున్నాయి కదా సార్."

"ముల్లు అన్నావు. ముల్లే ఎందుకన్నావు? చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరైనా ముల్లు పేరు చెప్పి నిన్ను భయపెట్టేవారా? తొందరేం లేదు, కూర్చో. మీ నాన్నగారితో మొదలుపెడదాం."

మెకానిక్ స్క్రూడ్రైవర్లు ఏరుకున్నాడు. "వేరే చోట ప్రింటరు ఒకటి ఆగిపోయింది సార్" అని చెప్పి, డబ్బా పక్క రేకు బిగించకుండానే వెళ్ళిపోయాడు. తండ్రి పేరు ఎత్తగానే పారిపోయే రకాన్ని డైరెక్టరుగారు తమ పుస్తకంలో ఒక అధ్యాయంగా రాసి ఉన్నారు. మరునాడు ఆ అధ్యాయానికి ఒక పాదసూచిక చేర్పించారు.

ఆ సాయంత్రం సిబ్బంది సమావేశంలో డైరెక్టరుగారు ప్రసంగించారు. అది కేంద్రం చరిత్రలో నిలిచిపోయే ప్రసంగం.

"మిత్రులారా! చప్పుడు ఉందా లేదా అన్నది భౌతికశాస్త్రం వాళ్ళు చూసుకుంటారు. మనం ఆ స్థాయికి దిగవద్దు. మన ప్రశ్న ఒక్కటే. అది కొందరికే ఎందుకు వినిపిస్తోంది? పంతొమ్మిదేళ్ళుగా మనం కూడబెట్టిన దాన్ని పోగొట్టుకుంటామన్న భయం మనలో ఉంది. భయం లోపల చప్పుడు చేస్తుంది. లోపలి చప్పుడును మనిషి బయట వెతుక్కుంటాడు. ఇవాళ డిస్కును కాపీ చేశామనుకోండి, భయం నిజమని ఒప్పుకున్నట్టే. రోగం చెప్పినట్టు నడుచుకునే వైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా? కనుక, కాపీ చేయం. వింటాం. వినేవారిని వింటాం."

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత, చప్పుడు వినిపిస్తున్నవారు చెయ్యి ఎత్తండి అన్నారు. రికార్డుల అసిస్టెంటు ఎత్తింది. ఆమె పక్కనున్నవాళ్ళు కుర్చీలు కొంచెం జరుపుకున్నారు, అంతే తప్ప ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. చెవులమ్మ అన్న పేరు మర్నాడు గాని పుట్టలేదు.

కేంద్రంలో అందరికన్నా పాత మనిషి అటెండరు. ఆయన టీ గ్లాసు ఆమె బల్ల మీద పెడుతూ చుట్టూ చూసి మెల్లగా అన్నాడు.

"తల్లీ, నాకూ వినిపిస్తుంది. వరండాలో నిలబడ్డా వినిపిస్తుంది."

"మరి చెయ్యెత్తలేదేం?"

"నాకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవికి ఇంకా ఆరు నెలలు సర్వీసు ఉంది."

ఆమె పద్ధతి గల మనిషి. పదకొండు వందల నలభై రెండో నంబరు కాపీ ఒకటి ఇప్పించవలసిందని దరఖాస్తు పెట్టుకుంది. కేంద్రంవారు మూడో రోజునే జవాబిచ్చారు. అంత వేగంగా జవాబివ్వడం కేంద్రంలో అదే మొదలు. "సదరు రికార్డింగు సదరు వ్యక్తి సొత్తు. ఆమె స్వయంగా హాజరై, తొమ్మిదో నంబరు ఫారం మీద ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసిన పక్షంలో కాపీ ఇచ్చుటకు అభ్యంతరం లేదు. ఆమె హాజరు కాలేని పక్షంలో కారణం తెలుపవలెను." ఆమె కారణం తెలిపింది. కారణం సంతృప్తికరంగా ఉందని, అయితే సంతకం మాత్రం తప్పదని మళ్ళీ జవాబు వచ్చింది.

తమ్ముడికి ఫోను చేసింది.

"అక్కా, నువ్వు నెలనెలా ఆఫీసుకు పోయి అమ్మ చేత తిట్లు తిని వస్తున్నావా?" అన్నాడు వాడు.

"తిట్లు కాదురా. గొడుగు గురించి."

"అదేలే. అమ్మ గొంతు నాకు గుర్తే ఉంది, రికార్డింగు ఎందుకు?"

"ఏదీ, ఎలా ఉంటుందో చెప్పు."

"గొంతు ఎలా చెప్తారే? అమ్మ గొంతులా ఉంటుంది" అని, ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు.

ఇక చికిత్స. చప్పుడు వినిపించడం అనే ఈ స్థితిని లోకంలో మొదటిసారి గుర్తించినది తామే కాబట్టి, దాన్ని వదిలిపెట్టడం నేరమని డైరెక్టరుగారు నిశ్చయించారు. పరిశోధన ఆరంభమైంది. చుట్టుపక్కల ఆఫీసుల నుంచి అరవై మూడు మందిని రప్పించారు. ఒక్కొక్కరినీ గంటసేపు ఆ కంప్యూటరు ఎదుట కూర్చోబెట్టి, వినిపిస్తోందా లేదా అని అడిగి, ఎనభై నాలుగు ప్రశ్నల పత్రం నింపించారు. ఇందుకోసం కంప్యూటరును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపకుండా నడిపించారు. లోపల డిస్కు తిరుగుతూ ఉంటే తప్ప పరీక్ష నికార్సుగా ఉండదు. నింపిన పత్రాలన్నిటినీ స్కాను చేసి అదే డిస్కులో పెట్టారు. కూర్చున్నవారిలో మొదటి పదిమందికి చప్పుడు వినిపించింది. వినిపించినవారిని రెండో గంట కూడా కూర్చోబెడతారన్న సంగతి బయటికి పొక్కాక మిగిలిన యాభై మూడు మందికీ వినిపించలేదు. డైరెక్టరుగారు దీన్నిబట్టి, మనిషి మనసుకు సహజ ఆరోగ్యం ఎక్కువేనని తేల్చారు.

రికార్డుల అసిస్టెంటుకు పన్నెండు సిట్టింగులు రాశారు. వారానికి రెండు. మెత్తని కుర్చీ అదే. అమ్మ కూర్చున్న కుర్చీ.

"చూడమ్మా, చిన్నప్పుడు మీ ఇంట్లో టిక్కు టిక్కుమనేది ఏది?" అని డైరెక్టరుగారు మొదటి సిట్టింగులో అడిగారు.

"ఏదీ లేదు సార్."

"తొందరపడకు."

రెండో సిట్టింగులోనూ ఏదీ లేదు. మూడో సిట్టింగులో, ఏదో ఉండే ఉంటుందని ఆమెకు అనిపించింది. నాలుగో సిట్టింగులో ఒక గోడ గడియారం గుర్తొచ్చింది. వాళ్ళ ఇంట్లో గోడ గడియారం ఉండేది కాదు. అయినా గుర్తొచ్చింది. ఐదో సిట్టింగుకు దాని లోలకం రంగు కూడా తెలిసింది. ఆ రోజు ఇంటికి పోతూ ఆమె ఒక విషయం గమనించింది. ఆ లేని గడియారం తన లోపల ఎంత నిబ్బరంగా వేలాడుతోందో! ఉన్న అమ్మ గొంతు మాత్రం, ఎంత పట్టుకోబోయినా, మాటలు నిలిచి గొంతు జారిపోతోంది. "ఎన్నిసార్లు చెప్పాలి దానికి" అని తనలో తాను అనుకుంటే తన గొంతే వినిపిస్తోంది. మనిషి పోగొట్టుకున్నది దాచుకోలేడు గాని లేనిది ఎంతైనా దాచుకోగలడని ఆమెకు తోచింది. తర్వాతి సిట్టింగులో చెప్పింది. డైరెక్టరుగారు ఎంతో మెచ్చుకుని దాన్ని తమ మాటగా రాసుకున్నారు.

ఏడో సిట్టింగులో ఆమె కొంచెం ఎదురు తిరిగింది. "సార్, చప్పుడు నా లోపల లేదు. కావాలంటే సాక్ష్యం చూపిస్తాను" అంది. డైరెక్టరుగారు విశాల హృదయులు. రికార్డుల గదిలోకి ఫోను తీసుకువెళ్ళి, రెండు నిమిషాలకు మించకుండా, చప్పుడును మాత్రమే రికార్డు చేసుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు.

చప్పుడు ఎక్కడ గట్టిగా వస్తుందో అక్కడే రికార్డు చేయడం న్యాయం. అది పంతొమ్మిదో నిమిషంలో గట్టిగా వస్తుంది. ఈ కారణం ఆమె తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. ఫోను బల్ల మీద పెట్టి, పదకొండు వందల నలభై రెండో నంబరు తెరిచింది. అమ్మ గొడుగు గుర్తుందంది. టిక్కు. మా పిల్ల అంది. టిక్కు. తడుస్తుంది, తుమ్ములు, పదకొండు, లెక్కపెట్టాను. నడుమ నడుమ టిక్కు, టిక్కు. నిమిషం యాభై సెకన్లకు ఆమె తానే ఫోను ఆపేసింది. ఇంకా పది సెకన్లు ఉన్నాయి. అనుమతిని పూర్తిగా వాడుకోవడం బాగుండదనుకుంది.

ఎనిమిదో సిట్టింగులో డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"విన్నారా సార్?"

"విన్నానమ్మా. ఫోనుకు వినిపించింది. ఫోనుకు చిన్నతనం లేదు కాబట్టి దానికి వినిపించడంలో దోషం లేదు." ఆయన కళ్ళు తెరిచారు. "అయితే దీంట్లో ఒక స్త్రీ గొంతు ఉంది. అనుమతి చప్పుడుకు మాత్రమే కదా. ఇది నీ ఫోనులో ఉండడం గోప్యతకు భంగం. నేను నా లాప్‌టాపులోకి తీసుకుని, నీ ఫోనులోంచి తీసేస్తాను. నీ మేలుకే. పైగా, ఇంత మంచి సాక్ష్యం నీ ఫోనులో ఏం భద్రం?"

సాక్ష్యాన్ని ఎవరో ఒకరు ఒప్పుకున్నారు కదా అని ఆమె ఆ రోజు తేలిక పడింది. ఫోను ఆమే తెరిచి ఇచ్చింది.

పదో సిట్టింగు జరిగిన మర్నాడు శనివారం. కేంద్రంలో అటెండరు తప్ప ఎవరూ లేరు. చప్పుడు ఇప్పుడు ఆగి ఆగి కాకుండా వరసగా వస్తోంది. ఆమె సంచిలో, మెకానిక్ వచ్చి వెళ్ళిననాడు కొన్న పెన్ డ్రైవు ఉంది. సొరుగులో కత్తెర ఉంది. లక్క ఎంతసేపు? గోరంత. ఆమె కత్తెర మొన సీలు అంచున పెట్టింది.

ఆ క్షణంలో ఆమె మనసులో రెండు భయాలు పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి, డిస్కు పోతుందని. రెండోది, సీలు తీస్తే తను రోగి అని రుజువవుతుందని. ఒకటి నిజంగా జరగబోయేది, రెండోది ఊరికే ఎవరో అనుకోబోయేది. మనిషి ఇలాంటప్పుడు దేనికి ఎక్కువ భయపడతాడో పాఠకులకు వివరించనవసరం లేదు. పైగా సోమవారం పొద్దున్నే రిజిస్టరులో "పదిలం" అని రాయాలి. నాలుగు వందల సార్లు నిజం రాసిన చేత్తో ఒక్కసారి అబద్ధం రాయాలి.

"ఏం తల్లీ, ఇంకా పోలేదా?" అన్నాడు గుమ్మంలోంచి అటెండరు. కత్తెర చూశాడు. చూసి, "నాకు కళ్ళు కూడా సరిగ్గా ఆనవులే" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆమె కత్తెర సొరుగులో పెట్టేసింది. పదకొండో సిట్టింగులో ఈ సంగతి తానే ఒప్పుకుంది. డైరెక్టరుగారు లేచి నిలబడి ఆమెను అభినందించారు. ఇది చికిత్సకు లొంగుతున్న లక్షణమన్నారు. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి ఏ కారణం వల్ల వచ్చాయో కేస్ షీటులో వేరుగా రాశారు.

పన్నెండో సిట్టింగు రోజు ఉదయం ఆమె రికార్డుల గదిలోకి వెళ్ళి కంప్యూటరు ఆన్ చేసింది. పంకా తిరిగింది. నీలం దీపం వెలిగింది. ఆమె చెవి పెట్టింది. వంగి పెట్టింది. పక్క రేకు జరిపి పెట్టింది.

ఏ చప్పుడూ లేదు.

పది గంటలకు మెత్తని కుర్చీలో కూర్చుంది.

"చెప్పమ్మా. ఇవాళ చప్పుడు వినిపించిందా?"

"లేదు సార్."

"నిజంగా?"

"నిజంగానే సార్. ఏమీ వినిపించలేదు."

ఆమె జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. డైరెక్టరుగారు కేస్ షీటు మీద "పూర్తిగా నయమైనది" అని రాసి, కింద ఆమె చేత సంతకం చేయించారు. ఆ షీటును స్కాను చేసి డిస్కులో భద్రపరచమని ఇచ్చారు. అరగంట తర్వాత ఆమె తిరిగి వచ్చి, భద్రపరచడానికి డిస్కు లేదని చెప్పింది. తెర మీద ఇంగ్లీషులో ఒక తెల్లని వాక్యం మాత్రం ఉందంది.

కేంద్రం కుంగిపోయిందని అనుకుంటే పొరపాటు. డైరెక్టరుగారు ఆ సాయంత్రమే మళ్ళీ సమావేశం పెట్టి, "మిత్రులారా! పంతొమ్మిదేళ్ళ పరిశోధన పోయిందనకండి. మన సంస్థ మరిచిపోయింది. మరుపు మీద పరిశోధించే సంస్థే మరిచిపోవడం ఇంతకుముందు ఎక్కడా జరగలేదు. ఎందుకు మరిచిపోయిందో ఇక కనిపెడదాం" అన్నారు. కొత్త ప్రాజెక్టుకు ఆ వారంలోనే ఆమోదం దొరికింది. బీరువాలోని రెండో డిస్కును కొందరు బయటికి తీయమన్నారు గాని, అందులో పెట్టడానికి ఇప్పుడు ఏమీ లేదు కాబట్టి ఇంకొన్నాళ్ళు భద్రంగా ఉండనిచ్చారు.

ఆమె కూడా కుంగిపోలేదు. డైరెక్టరుగారి లాప్‌టాపులో నిమిషం యాభై సెకన్లు ఉన్నాయి. నలభై ఒక్క నిమిషాల్లో నిమిషం యాభై సెకన్లు తక్కువే. కాని అందులో గొడుగు ఉంది, పదకొండు తుమ్ములు ఉన్నాయి. మనిషికి ఒక అమ్మను గుర్తుపట్టడానికి అది చాలు. సమయం చూసి అడుగుదామనుకుంది. రెండు వారాలు సమయం చూసింది.

మూడో వారం ఫైల్లో పెట్టమని ఒక ఉత్తరం ఆమె బల్ల మీదికి వచ్చింది. రాబోయే మహాసభ కోసం ఆ రికార్డింగును బాగుచేసి ఇచ్చిన సౌండు ఇంజనీరు రాసినది. "తాము పంపిన రికార్డింగులో చప్పుడు స్పష్టముగా ఉన్నది. అయితే నేపథ్యంలో ఒక వృద్ధ స్త్రీ ఎడతెగక మాట్లాడుటచే ఏకాగ్రతకు భంగము కలుగుచుండగా, సదరు అనవసర శబ్దమును పూర్తిగా తొలగించడమైనది. శుభ్రపరిచిన చప్పుడు మూడు ప్రతులు జత చేయడమైనది. పాత ప్రతిని, తమ గోప్యతా నిబంధనలను గౌరవిస్తూ, తమ లాప్‌టాపులోనూ మా వద్దనూ తుడిచివేయడమైనది."

ఆమె ఉత్తరం రెండోసారి చదవలేదు. రెండు రంధ్రాలు చేసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆ కేంద్రం మూడు ప్రతులు తీయించి దాచిన వస్తువు ఆ చప్పుడు ఒక్కటే.

మహాసభ ఘనంగా జరిగింది. నాలుగు వందల మంది మనస్తత్వ నిపుణులు వచ్చారు. నయమైన మొదటి రోగిగా రికార్డుల అసిస్టెంటును ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె ఒళ్ళో గొడుగు ఉంది. బయట ఎండ కాస్తోంది.

దీపాలు తగ్గించి చప్పుడు వినిపించారు. పెద్ద పెద్ద స్పీకర్లలోంచి, గది గోడలు అదిరేలా, నిమిషం యాభై సెకన్లు. టిక్కు. టిక్కు. ఆమెకు ప్రతి చప్పుడూ తెలుసు. మూడోది పడగానే "గొడుగు గుర్తుంది నాయనా" రావాలి. ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య "మా పిల్ల". పన్నెండోది పడ్డాక, ఊపిరి తీసుకుని, "ఎన్నిసార్లు చెప్పాలి దానికి". చప్పుళ్ళు వాటి వాటి చోట్ల, ఒక్కటీ తప్పకుండా, నమ్మకంగా వచ్చాయి. మధ్యలో ఊడ్చి కడిగినట్టున్న నిశ్శబ్దం. ఇంజనీరు పనిమంతుడు. ఊపిరి కూడా వదల్లేదు.

"మీలో ఎవరికైనా చప్పుడు వినిపిస్తే చేతులెత్తండి" అన్నారు డైరెక్టరుగారు.

ఎత్తినవారికి ఏం జరుగుతుందో అంతకుముందు గంటసేపు ఆయనే వివరించి ఉన్నారు. నాలుగు వందల చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. వెనక వరసలో ఒకాయన ఎత్తబోయి, మనసు మార్చుకుని, తల గోక్కున్నాడు.

"చూశారా! ఇక మా మొదటి రోగిని అడుగుదాం. చెప్పమ్మా, వీళ్ళందరి తరఫునా నువ్వు చెప్పు. నీకేమైనా వినిపించిందా?"

ఆమె గొడుగు పట్టుకుని లేచి నిలబడింది. ఎవరో మైకు చేతికిచ్చారు. అమ్మకు పెట్టిన మైకులాంటిదే.

"లేదు సార్" అంది. "నేను చాలా జాగ్రత్తగా విన్నాను. ఏమీ వినిపించలేదు."

పన్నెండో సిట్టింగులో చెప్పినట్టే, ఇదీ పచ్చి నిజం. నాలుగు వందల మందీ లేచి చప్పట్లు కొట్టారు.

ఇంతవరకు ఓపిగ్గా చదివినవారికి ఒక మనవి. మీ ఇంట్లోనూ, బల్ల మీదో బీరువాలోనో, మీ వాళ్ళ మాటలూ నవ్వులూ దాచిన డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. అందులోంచి ఏమైనా చప్పుడు వస్తోందా? రావడం లేదు కదా. చాలా సంతోషం. చప్పుడు రాకపోవడానికి కారణాలు రెండు ఉండవచ్చు. మీది ఏదో తెలుసుకోవడానికి లేచి వెళ్ళనవసరం లేదు. మీరు పూర్తి ఆరోగ్యంగా ఉన్నారు. కింద సంతకం చేయండి.